ఇంత ఐరన్ మింగినా నాన్నకు రక్తం ఎందుకు పట్టడం లేదు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నేను బీఎస్సీ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నకు 58 ఏళ్లు, కొబ్బరి తోట ఉంది. మూడేళ్ల కిందట కిడ్నీ జబ్బు బయటపడింది. ఇప్పుడు క్రియాటినిన్ 4.2, డయాలసిస్ ఇంకా మొదలుపెట్టలేదు. మనిషి పాలిపోయారు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. హిమోగ్లోబిన్ 8.1. నాలుగు నెలలుగా ఐరన్ మాత్రలు మింగుతున్నారు. అమ్మ రోజూ బీట్‌రూట్ రసం, దానిమ్మ, ఖర్జూరం, పల్లీపట్టీ పెడుతోంది. అయినా రక్తం పట్టడం లేదు. కొత్తగా చూపించిన డాక్టరు ‘ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్ వారం వారం వెయ్యాలి, అది హార్మోను’ అన్నారు. మా చిన్నాన్నేమో ‘హార్మోనంటే స్టెరాయిడే, ఒకసారి మొదలెడితే మానలేం, రెండు బాటిళ్ల రక్తం ఎక్కిస్తే పోతుంది కదా’ అంటున్నాడు. అది విని నాన్న ససేమిరా అంటున్నారు. నేను చదువుకున్నంతవరకు హార్మోన్లంటే పిట్యూటరీ, థైరాయిడ్, అడ్రినల్ లాంటి గ్రంథులవే. కిడ్నీ పని వడగట్టడం కదా, దానికీ హార్మోనుకూ సంబంధం ఏమిటి? నాన్నకు ఎలా నచ్చజెప్పాలి? ఇంకో మాట, ఆయన కొబ్బరినీళ్లు బాగా తాగుతారు. కిడ్నీకి మంచిదే కదా?

సమాధానం:

అమ్మా,

ముందు మీ నాన్నగారికి చెప్పాల్సిన మాట చెప్తాను. ఆ ఇంజెక్షన్‌లో ఉన్నది ఆయన ఒంటికి కొత్త కాదు. చిన్నప్పటి నుంచి మొన్నమొన్నటి దాకా ఆయన కిడ్నీలే దాన్ని తయారుచేశాయి. ఇప్పుడు వాటికి చేతకావడం లేదు కాబట్టి బయటి నుంచి ఇవ్వాల్సి వస్తోంది. షుగరు ఉన్నవాళ్లు ఇన్సులిన్ వేసుకుంటారు చూడండి, ఇదీ అలాంటిదే. ఈ మాట ఫోన్‌లో కాకుండా ఊరెళ్లి పక్కన కూర్చుని చెప్పండి. ‘హార్మోన్’ అనే పదం వాడకపోయినా నష్టం లేదు. నేనైతే ‘రక్తం తయారుచెయ్యమని ఎముక మూలుగకు చెప్పే మందు’ అంటాను. ఆ మాటకు ఎవరూ భయపడరు.

ఇక మీ సందేహం. మీ పాఠ్యపుస్తకంలో వినాళ గ్రంథుల బొమ్మ ఒకటి ఉంటుంది. తలలో పిట్యూటరీ, మెడ దగ్గర థైరాయిడ్, నడుము పైన అడ్రినల్. ఆ బొమ్మలో కిడ్నీ కూడా ఉంటుంది గానీ అడ్రినల్ గ్రంథికి పీట వేసినట్టు ఉంటుందంతే, దాని పేరు కూడా రాయరు. మేమూ ఆ బొమ్మ చూసే పరీక్షలు రాశాం. తమాషా ఏమిటంటే, అసలు ‘హార్మోన్’ అనే మాట పుట్టడానికి కారణమైన పదార్థం ఆ గ్రంథుల్లో దేని నుంచీ రాలేదు. చిన్నపేగు నుంచి వచ్చింది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక కుక్క పేగులో కొంత భాగానికి వెళ్లే నరాలన్నీ తెంచేసి, ఆ పేగులోకి ఆమ్లం పోశారు. నరాలు లేకపోయినా క్లోమం నుంచి జీర్ణరసం ఊరింది. అంటే కబురు నరం మీద కాదు, రక్తంలో వెళ్లింది. ఆ కబురు మోసిన పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి హార్మోన్ అన్నాడు. గ్రీకులో ఆ మాటకు ఉసిగొల్పడం అని అర్థం.

కాబట్టి గ్రంథులకు, మిగతా అవయవాలకు తేడా ఇంతే. గ్రంథికి హార్మోన్ తయారుచెయ్యడమే ఉద్యోగం. మిగతావాటికి వేరే ఉద్యోగం ఉంటుంది, దానితోపాటు ఇదీ చేస్తాయి. ఒకప్పుడు పల్లెల్లో బడిపంతులే పోస్టాఫీసు కూడా చూసుకునేవారు కదా, అలాగన్నమాట. గుండె చేస్తుంది: ఒంట్లో నీరెక్కువై గది గోడలు సాగితే ‘ఉప్పూ నీరూ బయటికి పంపు’ అని కిడ్నీకి కబురు పంపుతుంది. డి బోల్డ్ అనే శాస్త్రవేత్త 1981లో ఎలుకల మీద ఇది చూపించాడు. గుండె నీరసించిందేమో చూడటానికి మేం రాసే బీఎన్‌పీ అనే రక్త పరీక్ష కొలిచేదీ గుండె వదిలే ఇలాంటి హార్మోన్‌నే. కొవ్వు నుంచి లెప్టిన్ వస్తుంది, జీర్ణాశయం నుంచి ఆకలి పుట్టించే గ్రెలిన్ వస్తుంది. గర్భ పరీక్ష కిట్ మీద రెండో గీత పడేది మాయ (ప్లాసెంటా) కణాలు తయారుచేసే హార్మోన్ వల్లే. ఇంకా ఉన్నాయి గానీ మీకు కావాల్సింది కిడ్నీ సంగతి.

గుండె కొట్టే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. వడగట్టే గొట్టాల మధ్య ఖాళీల్లో కొన్ని కణాలు ఆ పని మీదే ఉంటాయి. ఆక్సిజన్ తగ్గిందని వాటికి తెలిసిందా, ఎరిత్రోపోయెటిన్ తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. అది మూలుగకు చేరి, అక్కడ ఎదుగుతున్న లేత ఎర్రకణాలు మధ్యలోనే చచ్చిపోకుండా కాపాడుతుంది. మనిషి ఒంట్లో ప్రతి సెకనుకూ 20 లక్షలకు పైగా ఎర్రకణాలు పుట్టాలి. ఒక్కో కణం బతికేది 120 రోజులే. కబురు ఆగితే ఉత్పత్తి పడిపోతుంది, పాతవి పోతూనే ఉంటాయి. కిడ్నీ జబ్బులో పాతవి 120 రోజులు కూడా నిలవవు. మీ నాన్నగారు పాలిపోవడం వెనక జరుగుతున్నది ఇది.

కిడ్నీ మచ్చబారేకొద్దీ ఆ కణాలే మారిపోతాయి. హార్మోన్ చెయ్యడం మానేసి, మచ్చ కణజాలం అల్లే పనిలో పడతాయి. క్రియాటినిన్ 4.2 అంటే ఆయన వయసుకు కిడ్నీ పని సుమారు 15, 16 శాతం మిగిలినట్టు లెక్క. ఈ దశలో హిమోగ్లోబిన్ 8కి రావడం మాకు ఆశ్చర్యం కాదు. ఇంకో ఉదాహరణ చెప్తాను, మీ నాన్నగారికి బహుశా ఇదే బాగా ఎక్కుతుంది. కిడ్నీ మార్పిడి జరిగి కొత్త కిడ్నీ బాగా పనిచేస్తే, కొన్ని వారాల్లో హిమోగ్లోబిన్ దానంతటదే పెరుగుతుంది. కొంతమందిలో మరీ ఎక్కువై, తగ్గించడానికి మందు ఇవ్వాల్సి వస్తుంది.

ఇది కిడ్నీ పనే అని తేలడానికి చాలా కాలం పట్టింది. రక్తం పుట్టించే పదార్థం ఒకటి రక్తంలోనే తిరుగుతోందని ఫ్రాన్సులో కార్నో, డెఫ్లాండ్ర్ 1906లోనే అన్నారు. అది ఎక్కడి నుంచి వస్తోందో 1957లో గానీ తెలియలేదు. చికాగోలో జాకబ్సన్, గోల్డ్‌వాసర్ బృందం ఎలుకల్లో ఒక్కో అవయవం తీసేసి చూస్తూ పోయింది. కిడ్నీలు తీసేసినప్పుడే రక్తం తయారీ స్పందన ఆగింది. ఆ తర్వాత దాన్ని శుద్ధిగా పట్టుకోవడానికి గోల్డ్‌వాసర్‌కి మరో 20 ఏళ్లు పట్టింది. మూలుగ చచ్చుబడిపోయిన రోగుల్లో కిడ్నీ ఎంత అరిచినా వినే కణాలు ఉండవు కాబట్టి, ఈ హార్మోన్ మూత్రంలోకి పొంగిపొర్లుతుంది. జపాన్‌లో మియాకే అనే డాక్టరు అలాంటి రోగుల మూత్రం 2,550 లీటర్లు పోగుచేసి, ఎండబెట్టి, ఆ పొడి తీసుకుని చికాగో వెళ్లాడు. అంత మూత్రం నుంచి చివరికి వచ్చింది కొద్ది మిల్లీగ్రాములు. 1977లో ఆ సంగతి ప్రచురించారు. తర్వాత దాని జన్యువు దొరికింది, అమెరికాలో 1989లో మందుగా అనుమతి వచ్చింది. ఇప్పుడు ఎవరి మూత్రమూ అక్కర్లేదు, ప్రయోగశాలలో పెంచిన చైనీస్ హామ్‌స్టర్ కణాల చేత చేయిస్తున్నారు. మీ ఊళ్లో మెడికల్ షాపు ఫ్రిజ్‌లో ఉండే చిన్న సిరంజి వెనక ఇంత కథ ఉంది. ఆక్సిజన్ తగ్గిన సంగతి కణానికి ఎలా తెలుస్తుందో విప్పిచెప్పినందుకు 2019లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. నాకు మాత్రం ఆ బహుమతి కన్నా 2,550 లీటర్ల సంగతే ఎక్కువ గుర్తుంటుంది.

మరి ఐరన్ ఎందుకు పనిచెయ్యలేదు? ఐరన్ ఇటుకలైతే, ఎరిత్రోపోయెటిన్ మేస్త్రీ. ఇటుకలు దింపి, మేస్త్రీని పిలవలేదు కాబట్టి. ఇది ఒక కారణం. రెండోది మీకు ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడా ఒక హార్మోనే ఉంది, అదీ గ్రంథిది కాదు. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ చేస్తుంది. ఒంట్లో ఇనుము చాలినంత ఉంటే పేగు తలుపు మూసి, ఇంకా రానివ్వకుండా చూడటం దాని పని. కిడ్నీ జబ్బులో హెప్సిడిన్ పెరిగిపోతుంది. పెరిగితే పేగు నుంచి ఇనుము లోపలికి సరిగా రాదు, గోదాములో ఉన్న ఇనుము బయటికి రాదు. అమ్మ పెట్టిన ఖర్జూరం, మీరు కొన్న మాత్రలు ఆ తలుపు దగ్గరే చాలావరకు ఆగిపోతున్నాయి. తప్పు అమ్మది కాదు, మాత్రదీ కాదు. అందుకే ఈ రోగుల్లో చాలామందికి ఐరన్‌ను నేరుగా రక్తనాళంలోకి, సెలైన్‌లో కలిపి ఇస్తాం.

కాబట్టి హార్మోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు డాక్టరును ఒకటి అడగండి: ‘ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ చూశారా?’ మొదటిది ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష, రెండోది రక్తంలో తిరుగుతున్న ఇనుము ఎంతుందో చెప్పేది. ఇనుము చాలకుండా ఈ ఇంజెక్షన్ వేస్తే డబ్బు దండగ, మేస్త్రీ వచ్చి ఇటుకల్లేక కూర్చుంటాడు. ఇవి తక్కువగా ఉంటే ఐరన్ ఎక్కించి చూడటం మామూలు పద్ధతి. ఫెరిటిన్ బాగానే ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది కూడా, ఒంటి లోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్), ఇన్‌ఫెక్షన్ ఉంటే అది ఊరికే పెరుగుతుంది. అందుకే రెండూ కావాలి. బీ12 కూడా ఒకసారి చూపించండి. మలం నల్లగా వస్తోందా అని కూడా అడగండి. ఐరన్ మాత్రల వల్లా నలుపు వస్తుంది గానీ, పొట్టలో రక్తం పోతున్నా అలాగే ఉంటుంది. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వాడే అలవాటుంటే ఇది మరీ ముఖ్యం. తోట పని చేసేవాళ్లు సాయంత్రానికి ఒక నొప్పి బిళ్ల వేసుకోవడం నేను చాలా చూశాను. అవి పొట్టలో పుండూ చేస్తాయి, మిగిలిన కిడ్నీనీ తినేస్తాయి. మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి కిడ్నీ జబ్బు రావడానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, కానీ ఉన్న కిడ్నీని నొప్పి బిళ్లలతో పాడుచేసుకోకుండా ఉండటం మన చేతిలో ఉంది.

చిన్నాన్నగారి మాటల దగ్గరకు వద్దాం. స్టెరాయిడ్లు కొలెస్టరాల్ నుంచి తయారయ్యేవి. ఇది 165 అమైనో ఆమ్లాల ప్రోటీన్. ఆ రెంటికీ పోలిక లేదు. ప్రోటీన్ కాబట్టే మాత్రగా మింగితే గుడ్డులో తెల్లసొన లాగా అరిగిపోతుంది, ఇంజెక్షన్ తప్పదు. ఇంజెక్షన్ అంటే మరీ భయమైతే, ఇప్పుడు వేరే దారి కూడా ఉంది. డెసిడుస్టాట్ అనే మాత్రకు మన దేశంలో 2022లో అనుమతి వచ్చింది. అది హార్మోన్ కాదు, ఒంట్లో ఆక్సిజన్ తగ్గిందని కణాలను నమ్మించి, వాటి చేతే హార్మోన్ చేయిస్తుంది. ఆయనకు ఏది తగుతుందో డాక్టరే తేల్చాలి. మీరు అడగడంలో తప్పు లేదు.

‘మానలేం’ అన్నదాంట్లో మాత్రం కొంత నిజం ఉంది, అది దాచను. ఇది మత్తు లాంటి అలవాటు కాదు. కానీ ఆపితే హిమోగ్లోబిన్ మళ్లీ దిగుతుంది, కిడ్నీ చెయ్యడం లేదు కదా. కళ్లజోడు తీస్తే మసక కనిపించినట్టే.

రక్తం ఎక్కించడం గురించి ఆయన చెప్పినదానికి మాత్రం నేను ఒప్పుకోను. ప్రాణం మీదికి వస్తే ఎక్కిస్తాం, అప్పుడు ఆలోచించకూడదు. మామూలుగా ఉన్నప్పుడు వద్దు. 58 ఏళ్ల మనిషి, రేపు కిడ్నీ మార్పిడికి అవకాశం ఉండొచ్చు. వేరేవాళ్ల రక్తం ఎక్కిన ప్రతిసారీ ఒంట్లో యాంటీబాడీలు పుట్టే వీలుంది. అవి ఎక్కువైతే సరిపోయే దాత దొరకడం కష్టమవుతుంది. మీరే కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చినా కుదరని పరిస్థితి రావచ్చు. పైగా ఎక్కించిన కణాలకూ ఆయుష్షు అంతే, రెండు బాటిళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి?

అసలు భయపడాల్సింది ఏమిటో చెప్తాను. ఎక్కువైతే ప్రమాదం. సైకిల్ పందాల ఆటగాళ్లు ఈ హార్మోన్‌నే దొంగచాటుగా వేసుకునేవారు, లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2013లో ఒప్పుకున్నాడు. రక్తం చిక్కబడితే గడ్డలు కడతాయి. రోగుల్లోనూ అంతే. మొదట్లో మేమంతా హిమోగ్లోబిన్‌ను మామూలు మనిషికి ఉన్నట్టు 13 దాటిస్తే మంచిదనుకున్నాం. 2006లో వచ్చిన పెద్ద అధ్యయనాలు లాభం లేదన్నాయి. షుగరూ కిడ్నీ జబ్బూ కలిసి ఉన్నవాళ్ల మీద చేసిన ఇంకో అధ్యయనం 2009లో వచ్చింది. 13కి తీసుకెళ్దామని చూసినవాళ్లలో పక్షవాతం దాదాపు రెట్టింపైంది. అందుకే ఇప్పుడు 10 దాటించి 11.5 లోపల ఉంచుతాం. రిపోర్టు మీద ‘తక్కువ’ అని ఎర్ర అక్షరాల్లోనే వస్తుంది, అది చూసి ఇంకో డోసు వెయ్యమని గొడవ పడకండి. రెండు వారాల్లో 1 గ్రాము కంటే ఎక్కువ పెరిగితే డోసు తగ్గించాలి. అందుకని మొదట్లో రెండు, నాలుగు వారాలకోసారి రక్త పరీక్ష తప్పదు.

బీపీ కూడా పెరుగుతుంది. బీపీ అదుపులో లేనప్పుడు ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టకూడదు. ఇంట్లో బీపీ మిషన్ ఒకటి కొనండి, ఉదయం ఒకసారి చూసి నోట్‌బుక్‌లో రాయమనండి. గతంలో పక్షవాతం గానీ, క్యాన్సర్ గానీ ఉండుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. వేసుకున్నాక తీవ్రమైన తలనొప్పి, ఒక కాలు వాచిపోవడం, మాట తడబడటం, ఛాతీ నొప్పి, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆస్పత్రికి.

ఇంజెక్షన్ చర్మం కిందకే వేస్తారు, పొట్ట మీదో చేతి మీదో. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే పాడైపోతుంది, ఊపినా పాడైపోతుంది. ఇచ్ఛాపురం నుంచి బస్సులో ఎండలో జేబులో పెట్టుకుని తెచ్చిన సిరంజి పనిచెయ్యకపోతే మందును తిట్టుకుని లాభం లేదు. ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో తెమ్మనండి, సిరంజి ఐస్‌కు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టాలి. వేసుకున్న మర్నాడే బలం రాదు. మూలుగలో కణం తయారై బయటికి రావాలి కదా, మార్పు కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే ఆయన రెండో ఇంజెక్షన్‌కే ‘ఏమీ లేదు’ అని మానేస్తారు. వారం వారం వెళ్లడం కష్టమైతే, రెండు వారాలకో నెలకో ఒకటి చాలే రకాలూ ఉన్నాయి. ధర ఎక్కువ, బస్సు ఖర్చూ కూలీ నష్టం లెక్క వేసుకుని తేల్చుకోండి.

మీ నాన్నగారి మందుల చీటీ ఒకసారి చూడండి. కాల్సిట్రయాల్ అని ఉంటే, అదీ కిడ్నీ చెయ్యాల్సిన హార్మోనే. ఎండ నుంచో మాత్ర నుంచో వచ్చిన విటమిన్ డికి చివరి మెరుగు పెట్టి పనికొచ్చేలా చేసేది కిడ్నీ. అది ఆగితే ఎముకలు దెబ్బతింటాయి. బీపీ మందుల్లో టెల్మిసార్టాన్ లాంటిది ఉంటే దాని వెనకా కిడ్నీయే ఉంది. రెనిన్ అనే పదార్థాన్ని వదిలి బీపీని పైకి లాగేది కిడ్నీ, ఆ లాగుడును ఆ మాత్ర అడ్డుకుంటుంది.

ఇక అమ్మ వంటింటి సంగతి, మీ కొబ్బరినీళ్ల సంగతి. రెండింటికీ ఒకటే జవాబు, పొటాషియం. బీట్‌రూట్, దానిమ్మ, ఖర్జూరం, పల్లీలు, కొబ్బరినీళ్లు, అన్నిట్లోనూ అది దండిగా ఉంటుంది. మంచి కిడ్నీ ఎక్కువైంది పారేస్తుంది. 15 శాతం కిడ్నీ పారెయ్యలేదు. రక్తంలో పొటాషియం బాగా పెరిగితే గుండె కొట్టుకోవడమే తప్పుతుంది, ఒక్కోసారి ముందు ఏ లక్షణమూ కనిపించదు. టెల్మిసార్టాన్ రకం మాత్రలు దాన్ని ఇంకొంచెం పెంచుతాయి కూడా. చుట్టూ కొబ్బరి చెట్లే ఉన్న మనిషికి కొబ్బరినీళ్లు వద్దని చెప్పడం నాకూ ఇబ్బందే. కానీ ఈ వారమే పొటాషియం పరీక్ష చేయించండి, రిపోర్టు వచ్చి డాక్టరు చూసేదాకా బోండం కొట్టడం ఆపమనండి. బీట్‌రూట్ రసం కూడా ఈ రోజు నుంచే ఆపెయ్యండి. దాని మీద అమ్మ పెట్టుకున్న ఆశ పోతుందని అనుకోకండి. కూర ముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం కొంత తగ్గుతుంది. ఆ పని ఆమెకు అప్పజెప్పండి, ఏ కూర ఎంత పెట్టొచ్చో ఆస్పత్రిలో డైటీషియన్‌ను అడిగి రాసి ఇవ్వండి.